విశ్వాస జీవితమున యథార్థత
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్నాజ్ఞాపించినందులకు నేను మిక్కిలి కృతజ్ఞుడను. విద్య, ఉద్యోగము, భూమి, ఐకమత్యము అను విషయములను నాకంటె చక్కగా నెఱిగినవారు ఈ వేదికపై పలువురున్నారు. కావున నేను మఱియొక విషయమును గైకొంటిని. మన క్రైస్తవ విశ్వాస జీవితమున నిజాయితీకిని యథార్థతకును గల స్థానమెట్టిది యనునదే యా విషయము. ఇది ఆదివారపు ఆరాధనకు దగినదే కాని కులసంఘసభకు దగినది కాదని కొందఱు తలంపవచ్చును. అయితే మన సంఘమునకు గల గౌరవము, మనము ప్రభుత్వమునకు పంపుకొను విన్నపములకు గల బలము, మన బిడ్డల మనస్సులకు గల నిబ్బరము, ఈ మూడును ఈ యొక్క గుణముపైననే నిలిచియున్నవని నా మనవి.

మొదట ఈ రెండు మాటలకుగల భేదమును గుర్తింతము. నిజాయితీ యనగా ఇతరులయెడ మన నడత. బాకీ తీర్చుట, తూకము సరిగా తూచుట, కూలి ఎగవేయకుండుట, ఇచ్చిన మాట నిలుపుకొనుట, ఇవి దాని క్రియలు. యథార్థత యనగా లోపలి మనుష్యుడును వెలుపలి మనుష్యుడును ఒక్కడై యుండుట. ఒకడు లోకమునకు వెఱచి బాకీ తీర్చవచ్చును. వానిని నిజాయితీపరుడందుము గాని యథార్థవంతుడని యనలేము. మఱియొకడు కన్నీటితో ప్రార్థించి, మందిరము వెలుపలికి వచ్చి కూలివాని కూలి తగ్గించి యీయవచ్చును. వాని కన్నీరు కల్ల కాకపోవచ్చును, కాని వాని భక్తి కుంటిది. రెండు కాళ్లును సరిగా నుండినగాని నడక సాగదు.

సువార్తలు చదివినవారికి ఒక సంగతి విశదము. ప్రభువు సుంకరులయెడ దయ చూపెను, పతితులయెడ దయ చూపెను, దొంగయెడ సైతము దయ చూపెను. ఆయన కఠినముగా మాటలాడినది వేషధారులతోనే. ఆ మాటకు మూలమైన గ్రీకు పదమునకు నాటకమున పాత్ర ధరించువాడని యర్థము. వీధినాటకమున రాజువేషము కట్టినవాడు తెల్లవాఱగనే రంగు కడిగికొని తన పనికి పోవును. అందు తప్పు లేదు, ఏలయన చూచువారందఱికి అది యాటయని తెలియును. భక్తియందు వేషము కట్టినవాడో, చూచువారిని మోసగించుటయే గాక, కొంతకాలమునకు రంగేదో ముఖమేదో తానే యెఱుగని స్థితికి వచ్చును. పాపి తన పాపము నెఱుగును గనుక వానికి మందు కలదు. వేషధారి తన రోగమునే యెఱుగడు.

అపొస్తలుల కార్యములలోని అననీయ సప్పీరాల కథ మీ రందఱు వినియున్నారు. పొలము నమ్మి సొమ్ములో కొంత దాచుకొనిరి. దాచుకొనుట వారి పాపము కాదు. పొలము వారిదే, అమ్మిన పిమ్మట సొమ్మును వారిదే యని పేతురే చెప్పెను. కొంతయిచ్చి కొంతయే యని చెప్పియుండిన వారిని గద్దించువారెవ్వరును లేరు. కొంతయిచ్చి సర్వమును ఇచ్చితిమను పేరు పొందగోరుటయే వారి నాశనమునకు హేతువయ్యెను. దీనికెదురుగా జక్కయ్యను చూడుడు. అతడు ప్రభువును తన యింట చేర్చుకొన్నప్పుడు లెక్క చెప్పెను; ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు మరల నిత్తుననియు ఒప్పుకొనెను. ఆ యింటికి రక్షణ వచ్చినదని ప్రభువు పలికినది ఆ లెక్క విన్న పిమ్మటనే. విశ్వాసమునకు లెక్కపుస్తకముతో సంబంధము లేదని తలంచువారు ఈ యధ్యాయమును మఱియొకమాఱు చదువవలయును.

ఇక మన పూర్వుల చరిత్రమునకు వత్తము. మన పితామహులు అన్నముకొఱకు మతము మార్చుకొన్నారను నింద నేటికిని మన చెవుల బడుచునే యున్నది. నింద వేసినవారిపై కోపించుట సులభము. దానికి మన పూర్వులు తమ నడతచేత నిచ్చిన యుత్తరమెట్టిదో తెలిసికొనుట అంతకంటె మేలు.

ఒంగోలు ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామమున యఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులజు డుండెను. తోళ్ల వర్తకుడు, సత్యాన్వేషి. అతడును అతని భార్య నాగమ్మయు 1866లో బాప్తిస్మము పొందిరి. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చినదియు ఆ సంవత్సరముననే. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురు సభ్యులతో నేర్పడెను. చేరగోరినవారికి మూడు నియమములు విధింపబడెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేడు వినుటకు ఇవి చిన్న నియమములుగా తోచును. నాడు వాని వెల యెంతటిదో విచారింపుడు. గ్రామమున చచ్చిన గొడ్డు మాదిగపల్లెకు దక్కు హక్కు. ఏడాదిలో ఎన్నియో దినములు కడుపు నిండుట దాని మూలముననే. అన్నముకొఱకు వచ్చువాడు ఉన్న యన్నమును విడుచునా? కోతల కాలమున ఆదివారము పనికి రానన్నవాడు కామందు కోపమునకు గుఱియగును. జాతరలో డప్పు కొట్టనన్నవాడు గ్రామపు కట్టుబాటునే ధిక్కరించినవాడగును. కొన్ని యూళ్లలో పెద్దలు వారిని పనికి పిలువలేదు; బావికడకు రానీయలేదు; అంగడి సరకు అందకుండ చేసిరి. ఆ నియమములు జిహ్వచేత ఒప్పుకొనదగినవి కావు. ప్రతిదినము కడుపుచేతను వీపుచేతను ఒప్పుకొనవలసినవి.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చెను. పెద్దలు దానినే ధాత కఱవందురు. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ప్రభుత్వమునొద్ద గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. దేశీయ బోధకులు పనివారిపై మేస్త్రీలై యుండి, సాయంకాలములందు సువార్త చెప్పుచుండిరి. తమకు బాప్తిస్మ మీయుడని జనులు గుంపులు గుంపులుగా నడుగుచువచ్చిరి. సంఖ్య పెంచుకొనదలచినవారికి అంతకంటె మంచి యదను దొరకదు. అయినను పదునైదు నెలలకాలము ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. కూలికొఱకు వచ్చినవాడెవడో ప్రభువుకొఱకు వచ్చినవాడెవడో కఱవుదినములలో తెలియదని వారి భావము. కఱవు పని ముగిసిన పిమ్మట, ఇకమీదట సాయము చేయుటకు సొమ్ము లేదని స్పష్టముగా చెప్పిరి. అయినను వారు తిరిగిపోలేదు. మాకు సొమ్ము వలదు, కష్టపడి బ్రతుకుదుము, బాప్తిస్మమే వలయునని పట్టుబట్టిరి. అప్పుడు ఒంగోలునకు ఉత్తరముగా పదిమైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లియొద్ద, బోధకులు ఒక్కొక్కరిని విచారించిన పిమ్మట, 1878 జూలై 2వ తేదీన 614 మందియు, 3వ తేదీన 2,222 మందియు, మఱునాడు 700 మందియు బాప్తిస్మము పొందిరి.

సోదరులారా, జనులు 2,222 అను సంఖ్యనే జ్ఞాపకముంచుకొందురు. నాకు మాత్రము దాని వెనుకనున్న పదునైదు నెలలే గొప్పవిగా తోచును. తూము తెఱచిననాడు నీరు పాఱుట వింత కాదు. మూసియుంచిన నాళ్లలో గట్టు నిలుచుటయే వింత. ఆ వేలమందిలో ప్రతివాని హృదయమును స్వచ్ఛమైనదని నేను చెప్పబోను. గౌరవము కోరి వచ్చినవారుందురు, చదువు కోరి వచ్చినవారుందురు, బంధువులు వచ్చిరని వచ్చినవారుందురు. మనుష్యుని కోరికలు ముడిపడియే యుండును. కాని అన్నము పెట్టుచున్నపుడు ద్వారము మూసి, అన్నము లేనపుడు ద్వారము తెఱచిన చరిత్ర మన కున్నది. నిందించువారికి మన మీయదగిన యుత్తరమిదియే. అయితే ఈ యుత్తరము మన నోట శోభించవలెనన్న, నేటి మన జీవితమును అట్టిదే కావలయును. తాతలు నేతులు త్రాగిరని మన మూతులు వాసన చూపినచో లోకము నవ్వును.

నేడు మన నడత యెట్లున్నది? సంఘములయందు చందాలు వసూలగుచున్నవి; లెక్కలు సంవత్సరాంతమున సభ్యులయెదుట చదువబడుచున్నవా? మిషనరీలు విడిచిపోయిన స్థలములు, పాఠశాలలు, ఆసుపత్రులు మనకు పూర్వులిచ్చిన నిక్షేపము; వానిని గూర్చి సోదరులు సోదరులపై న్యాయస్థానముల కెక్కుట చూడని జిల్లా యున్నదా? వరకట్నము 1961 చట్టముచేత నేరము. దైవసన్నిధిని జరుగు పెండ్లికి ముందురాత్రి కట్నపు బేరము జరిగినచో, మఱునాటి యాశీర్వచనమునకు అర్థమేమి? క్రీస్తునందు కులము లేదని పాడుచు, పెండ్లి సంబంధమునకును శ్మశానస్థలమునకును కులము నడుగువారు మనలో లేరా? మాలయనియు మాదిగయనియు మనలో మనమే గోడలు కట్టుకొని, పైవారు కట్టిన గోడను పడగొట్టుడని అడుగుట యెట్లు? సాక్ష్యము చెప్పునపుడు స్వస్థతను పదింతలు చేసి చెప్పుట కొందఱికి వాడుకయైనది. దేవుడు చేసిన మేలు ఎంతయో అంతయే చెప్పిన చాలును; దానికి మన యతిశయోక్తితో పనిలేదు. పైన పటారము లోన లొటారము అను సామెత మన మందిరములకు వర్తింపకుండుగాక.

ఇపుడు అందఱి మనస్సులను బాధించు విషయమునకు వచ్చుచున్నాను. దీనిని విడిచి యథార్థతను గూర్చి ప్రసంగించినచో నా ప్రసంగమే యథార్థము కాదు. 1950 ఆగస్టు 10వ తేదీనాటి రాష్ట్రపతి యుత్తరువులోని మూడవ పేరా, హిందూమతమునకు భిన్నమైన మతము నవలంబించువానిని షెడ్యూల్డు కులస్థునిగా భావింపరాదనెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నిబంధన సడలింపబడెను. క్రైస్తవులకు ఆ రెండు పర్యాయములును సడలింపు రాలేదు. ఆంధ్రదేశమున 1970లో అనంతరామన్ సంఘపు సిఫారసు ననుసరించి, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున చేర్చి, నూటికి ఒక్క స్థానమును కేటాయించిరి. ఒక పల్లెలో ఒకే తల్లి కడుపున పుట్టిన యిద్దఱన్నదమ్ములలో, మందిరమునకు పోవుచున్నానని వ్రాయించినవానికి ఒక గతియు, వ్రాయించనివానికి మఱియొక గతియు నేర్పడెను. దెబ్బ కొట్టువాడు బాప్తిస్మపు పత్రము నడిగి కొట్టడు. టీకొట్టులో వేఱు గ్లాసు పెట్టువాడు మతము విచారింపడు. అయినను ఉత్తరువు విచారించుచున్నది.

దీని ఫలమేమి? ఇంట ఒక పేరు, బడిలో ఒక పేరు. హృదయమున ఒక మతము, పత్రమున ఒక మతము. జనాభా లెక్కలు చూడుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున క్రైస్తవులు 1971లో నూటికి నలుగురికి పైగా నుండిరి. 2011 నాటికి నూటికి ఒకటిన్నరకంటె తక్కువయైరి. ఆ నలువదియేండ్లలో మందిరములు తగ్గెనా? ప్రతి పల్లెలోను కొత్తవి లేచుట మనము కన్నులార చూచితిమి. తగ్గినవారందఱును దాగినవారే యని నేననను. కాని దాగినవారు లేరని ఈ సభలో నెవ్వరును అనలేరు. 2024 నవంబరులో సుప్రీముకోర్టు, పుదుచ్చేరినుండి వచ్చిన వ్యాజ్యమున, క్రైస్తవాచారము ననుసరించుచు ఉద్యోగముకొఱకు మాత్రము హిందువునని చెప్పుకొనుట చెల్లదని తీర్పు చెప్పెను.

బిడ్డ చదువుకొఱకు దరఖాస్తులో ఒక మాట మార్చి వ్రాసిన తల్లిని రాళ్లతో కొట్టుటకు నేను రాలేదు. ఆమె నా స్థితికి తెచ్చినది ఆమె కపటము కాదు, ఉత్తరువుయొక్క అన్యాయము. పాపములో పెద్దపాలు అన్యాయమును శాసించినవారిదే. అయినను మూడు సంగతులు మనవి చేయుదును.

మొదటిది, బిడ్డనుగూర్చి. పదియేండ్ల బాలుడు ఆదివారము అబద్ధమాడరాదని నేర్చుకొనును. సోమవారము బడిలో మనము ఫలానా అని చెప్పవద్దని తల్లిదండ్రులే నేర్పుదురు. ఆ బాలుడు నేర్చుకొనునది రెండవ పాఠమునే. విశ్వాసమనగా ఇంటిలో దాచుకొనవలసిన సిగ్గని వాని మనస్సున నాటుకొనును. మన పితామహులు బావి దొరకకున్నను దాచని సంగతిని మన మనుమలు దాచుకొనుచున్నచో, మనము పెరిగితిమా, తరిగితిమా?

రెండవది, మన విన్నపమునుగూర్చి. ఈ నిబంధనను మార్పుమని మనము చాలకాలమునుండి కోరుచున్నాము. 2007లో రంగనాథ మిశ్రా సంఘము షెడ్యూల్డు కులస్థాయిని మతమునుండి వేఱుచేయవలెనని సిఫారసు చేసెను. 2022లో ఈ ప్రశ్నను విచారించుటకు బాలకృష్ణన్ గారి యధ్యక్షతన సంఘమొకటి నియమింపబడెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ శాసనసభ మన పక్షమున తీర్మానము చేసెను. ఇట్టి విచారణలలో మొదటి ప్రశ్న, మీరెందఱు, ఎక్కడ నున్నారు అనునదే. దాగిన ప్రతివాడును మన విన్నపమునకు ఒక సాక్షి తగ్గినట్లే. లెక్కలో లేనివానికి న్యాయము చేయుమని యెట్లడుగగలము? మరుగున నుండి పొందినది ఒక్కని లాభము. వెలుగున నిలిచి పోరాడి పొందినది జాతి లాభము.

మూడవది, ఈ సంఘమునుగూర్చి. నిజము చెప్పుమని బీదవానికి ఉపదేశించి, నిజము చెప్పినందున వానికి కలిగిన నష్టమును వానికే విడుచుట మనకు న్యాయము కాదు. ఒంగోలున బావి దొరకనివానికి ప్రక్కయింటివాడు కుండెడు నీళ్లిచ్చెనేని ఆ విశ్వాసి నిలిచెను. ఈయకున్న నిలిచెడివాడు కాడు. కావున సంఘపోషకులకు నా ప్రార్థన యేమనగా, తమ విశ్వాసమును దాచక వ్రాయించి, అందువలన వేతనమును వసతిని కోల్పోయిన విద్యార్థులకు ఒక సహాయనిధిని ఈ సంఘమే యేర్పఱచవలయును. ఆ నిధి లెక్కలు ఏటేట ఈ మహాసభలోనే పైసతో సహా చదువబడవలయును. వీరిని నిలుపలేని ఉపదేశము మాటలు కోటలు దాటినట్లే యగును.

సత్యమునకు కట్టుబడిన బ్రతుకలేమని కొందఱందురు. బీదవానికి నిజాయితీ మోయరాని బరువందురు. నా యనుభవమున చూచినంతవఱకు, బీదవానికి ఉన్న ఆస్తి అదియొక్కటే. భూమిలేనివానికి అప్పు పుట్టునది వాని మాటమీదనే. పత్రములేనివానికి పని దొరకునది వాని పేరుమీదనే. ధనవంతుడు మాట తప్పిన న్యాయవాదిని పెట్టుకొనును. మనము మాట తప్పిన మనకు మిగులునదేమి?

కావున ఈ సభనుండి మరలునపుడు ప్రతి కుటుంబమును తన స్థోమతకు తగినట్లు కొన్ని నిర్ణయములు చేసికొనుగాక. సంఘపు సొమ్ము ఎవరిచేతనుండినను దాని లెక్క అడుగుదము. అడిగినవారిని విరోధులుగా చూడక మిత్రులుగా చూతము. కట్నము లేని పెండ్లికి ఈ సంఘములోని పెద్దలే ముందుగా తమ యింట దారి చూపుదురుగాక. మాల మాదిగ భేదము మన మందిరపు గుమ్మమువద్దనే కాదు, శ్మశానపు గుమ్మమువద్దను ఆగిపోవుగాక. జనాభా లెక్కలవారు తలుపు తట్టినపుడు, మన తాతలు గుండ్లకమ్మ యొడ్డున చెప్పిన జవాబునే మనమును చెప్పుదుముగాక. ఆ జవాబునకు కలుగు నష్టమును ఒక్క యింటిపై పడనీయక పంచుకొందుముగాక.

 సర్వసత్యస్వరూపుడగు దేవుడు మన నోటిని మన హృదయమును ఒక్కటి చేయుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.